చెప్పుల లెక్కా, ఓట్ల లెక్కా

ఫిలిప్పీన్స్ దేశం పేరు చెప్పగానే మనలో చాలామందికి మొట్టమొదట గుర్తొచ్చేవి చెప్పులు. ఇమెల్డా మార్కోస్ గారి చెప్పులు. ఇంట్లో ఆడపిల్ల పండక్కి రెండో జత కొనుక్కుంటే చాలు, "అబ్బో, మా ఇమెల్డా వచ్చిందండోయ్" అని వేళాకోళం చేసే మేనమామలు ఒకప్పుడు ఉండేవారు. ఆ పిల్లకి ఇమెల్డా ఎవరో తెలియకపోవచ్చు. ఆ మేనమామకీ అంతంతమాత్రమే తెలిసి ఉండొచ్చు. చెప్పులు మాత్రం ఇద్దరికీ తెలుసు.

ఊరికే పుట్టిన మాట కాదనుకోండి అది. 1986 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ భార్యాబిడ్డలతో సహా రాత్రికి రాత్రి దేశం వదిలి వెళ్ళిపోయాక, మనీలాలోని రాజభవనం తలుపులు తీసి చూస్తే అమ్మగారి చెప్పులు బారులు తీరి కనిపించాయి. మూడువేల జతలన్నారు మొదట. తీరిగ్గా లెక్కపెడితే 1,060 జతలు తేలాయి. మూడువేలన్న మాటే లోకంలో నిలిచిపోయింది. నవ్వుకోవడానికి పెద్ద అంకె అయితేనే బాగుంటుంది కదా!

సరే, చెప్పులు లెక్కపెట్టారు, బాగానే ఉంది. అదే నగరంలో, అంతకు రెండు వారాల ముందు ఇంకో లెక్క కూడా జరిగింది. అది ఓట్ల లెక్క. ఆ లెక్క దగ్గర కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళు ఒక రాత్రి చేసిన పనికీ, ఆ తర్వాత మార్కోస్ గారు పెట్టే బేడా సర్దుకోవడానికీ దగ్గర సంబంధం ఉంది. అయినా వాళ్ళలో ఒక్కరి పేరైనా మనకి తెలీదు. ఒక ఆడమనిషి చెప్పుల జతలు ప్రపంచమంతా నోటికి చెబుతుంది గానీ, ముప్ఫై అయిదుమంది చేసిన సాహసం మాత్రం ఎవరికీ పట్టలేదు. ఎందుకని?

ఈ ప్రశ్న పట్టుకుని, ఆ ఎన్నిక మీదా ఆ కుటుంబం మీదా వచ్చిన మూడు రచనల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి 1988 నాటి టీవీ సీరియల్ 'ఎ డేంజరస్ లైఫ్'. రెండోది 2010లో పాటల ఆల్బమ్‌గా మొదలై, 2013లో నాటకమై, 2023లో న్యూయార్క్ బ్రాడ్‌వేకి ఎక్కిన 'హియర్ లైస్ లవ్'. మూడోది 2019లో లారెన్ గ్రీన్‌ఫీల్డ్ అనే అమెరికన్ దర్శకురాలు తీసిన డాక్యుమెంటరీ 'ది కింగ్‌మేకర్'. ముందు కథ తెలిస్తే గానీ ఏది ఎక్కడ బాగుందో, ఎక్కడ గాడి తప్పిందో తెలీదు గనక, కాస్త ఓపిక పట్టండి.

మార్కోస్ 1965లో మామూలుగా ఎన్నికల్లో గెలిచే వచ్చాడు. 1969లో మళ్ళీ గెలిచాడు. మూడోసారి పోటీ చేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. 1972 సెప్టెంబరులో సైనిక శాసనం విధించాడు. పత్రికలు మూతపడ్డాయి, ప్రతిపక్షం వాళ్ళు జైలుకెళ్ళారు. ఆ పాలనలో సుమారు 70 వేలమంది జైళ్ళ పాలయ్యారనీ, 34 వేలమంది చిత్రహింసలు పడ్డారనీ, 3,240 మంది ప్రాణాలు పోయాయనీ మానవ హక్కుల సంఘాల లెక్క. జైలుకెళ్ళినవాళ్ళలో ముఖ్యుడు బెనిగ్నో అక్వినో. ఏడేళ్ళకు పైగా జైల్లో ఉండి, గుండె జబ్బుతో అమెరికా వెళ్ళి, 1983 ఆగస్టు 21న తిరిగొస్తే, మనీలా విమానాశ్రయంలో విమానం దిగుతూండగానే కాల్చి చంపారు. ఆయన భార్య కొరజోన్. అందరూ కోరీ అనేవారు. అయిదుగురు పిల్లల తల్లి.

దేశంలోనూ బయటా పోరు ఎక్కువయ్యేసరికి మార్కోస్ 1985 నవంబరులో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంలో కూర్చుని, ఉన్నట్టుండి ఎన్నికలు పెడతానన్నాడు. గమనించారా? సొంత దేశం ప్రజలకి చెప్పవలసిన మాట అమెరికా వాళ్ళకి చెప్పాడు. ఎదురు నిలబడింది కోరీ. తను ఇల్లాలినని ఆవిడే చెప్పుకుంది. ఆడవాళ్ళ ఉపదేశాలు పడగ్గదికే పరిమితం కావాలన్న ధోరణిలో మార్కోస్ ఎద్దేవా చేశాడు, అనుభవం లేదన్నాడు. అబద్ధాలాడటంలో, దొంగతనం చేయడంలో, ప్రత్యర్థుల్ని చంపించడంలో తనకి అనుభవం లేని మాట నిజమేనని ఆవిడ జవాబిచ్చింది. ఇల్లాలి నోరు అలా లేస్తుందని ఆయన ఊహించి ఉండడు.

1986 ఫిబ్రవరి 7న పోలింగ్. లక్షలాదిమందికి జాబితాలో పేర్లు కనబడలేదు. చాలాచోట్ల బ్యాలెట్ పెట్టెలు ఎత్తుకుపోయారు. నామ్‌ఫ్రెల్ అని ఒక పౌరసంస్థ లక్షలమంది స్వచ్ఛంద కార్యకర్తల్ని పోలింగ్ కేంద్రాల దగ్గర కాపలా పెట్టింది. చర్చి సన్యాసినులు పెట్టెల చుట్టూ చేతులు కలుపుకుని నిలబడ్డారు. ఇక లెక్క చూస్తే ఒకటి కాదు, రెండు. ప్రభుత్వ ఎన్నికల సంఘానిది ఒకటి, నామ్‌ఫ్రెల్ వారిది ఒకటి. నామ్‌ఫ్రెల్ సుమారు నూటికి డెబ్భై కేంద్రాల లెక్క తేల్చేసరికి కోరీకి 78 లక్షల 35 వేలు, మార్కోస్‌కి 70 లక్షల 53 వేలు. సర్కారు వారి తుది లెక్కలో మార్కోస్‌కి కోటీ 8 లక్షలు, కోరీకి 93 లక్షలకు కాస్త తక్కువ. ఒకే దేశం, ఒకే రోజు, ఒకే ఓట్లు. పాలవాడి లెక్కకీ మనం కేలండరు మీద వేసుకున్న గీతలకీ తేడా వస్తే, ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు రాశారనే కదా అర్థం!

ఆ తప్పు ఎవరిదో తేల్చింది ఫిబ్రవరి 9 రాత్రి. సర్కారు లెక్కింపు మనీలాలో ఒక పెద్ద సమావేశ మందిరంలో జరుగుతోంది. ఇమెల్డా గారు పట్టుబట్టి కట్టించిన భవనాల్లో అదీ ఒకటి. కంప్యూటర్ల దగ్గర కూర్చున్న ఆపరేటర్లు ఊళ్ళ నుంచి వచ్చిన అంకెలు ఎక్కిస్తున్నారు. ఎదురుగా పెద్ద బోర్డు మీద మొత్తాలు కనబడుతున్నాయి. తాము ఎక్కించినదానికీ బోర్డు మీద పడేదానికీ పొంతన లేదని వాళ్ళు కనిపెట్టారు. లిండా కపునాన్ అనే ఆవిడ ముందు నడవగా, సుమారు 35 మంది కుర్చీల్లోంచి లేచి, విదేశీ విలేకరుల కెమెరాలు చూస్తూండగా బయటికి నడిచారు. కొందరు ఏడుస్తూనే నడిచారు. ఒక చర్చిలో తలదాచుకుని, జరిగింది జరిగినట్టు చెప్పారు.

ఆలోచించండి. వాళ్ళు నాయకురాళ్ళు కారు, ఉద్యమకారిణులు కారు. జీతానికి పనిచేసేవాళ్ళు. ఇంటి దగ్గర పిల్లలున్నవాళ్ళు, ముసలి తల్లిదండ్రులున్నవాళ్ళు. సైన్యం చేతిలో ఉన్న దేశంలో, ఆ సైన్యం కాపలా ఉన్న భవనంలోంచి "ఈ లెక్క మేం వెయ్యం" అని లేచి వచ్చారు. 

ఆ తర్వాతవి గబగబా జరిగిపోయాయి. ఫిబ్రవరి 11న కోరీ పక్షాన పనిచేసిన మాజీ గవర్నరు ఎవెలియో హావియేర్‌ని పట్టపగలు కాల్చి చంపారు. బిషప్పులందరూ కలిసి ఈ ఎన్నిక మోసమని ప్రకటించారు. 15న శాసనసభ మార్కోస్ గెలిచాడని తీర్మానించింది. మర్నాడే కోరీ లక్షల జనాన్ని పోగుచేసి, మార్కోస్ అనుయాయుల బ్యాంకులూ పత్రికలూ సరుకులూ మానెయ్యమంది. 22న రక్షణమంత్రి ఎన్రిలే, సేనాని రామోస్ ఎదురు తిరిగి ఎడ్సా అనే పెద్ద రోడ్డు పక్కనున్న శిబిరాల్లో చేరారు. వాళ్ళని కాపాడమని కార్డినల్ సిన్ రేడియోలో పిలుపునిచ్చాడు. జూన్ కీత్లీ అనే ఆవిడ మైకు ముందు నుంచి కదలకుండా జనానికి దారి చెబుతూ వచ్చింది. ఆ రేడియో ట్రాన్స్‌మిటర్‌ని పగలగొడితే ఇంకో చోటికి పోయి మళ్ళీ మొదలెట్టింది. జనం అన్నం మూటలతో, జపమాలలతో, పూలతో ట్యాంకులకి అడ్డం కూర్చున్నారు. 25న ఒకే రోజు ఇద్దరు అధ్యక్షులు ప్రమాణం చేశారు. కోరీ ఒక క్లబ్బు హాల్లో, మార్కోస్ తన భవనంలో. ఆ రాత్రే అమెరికా హెలికాప్టర్లు మార్కోస్ కుటుంబాన్ని ఎత్తుకెళ్ళాయి. హవాయి చేర్చాయి.

ఇదీ కథ. ఇక రచనల సంగతి.

'ఎ డేంజరస్ లైఫ్' ఈ సంఘటనలు జరిగిన రెండేళ్ళకే వచ్చింది. సుమారు ఆరు గంటల నిడివి. అంత తొందరగా, అంత వివరంగా తీయడం మెచ్చుకోవలసిందే. కోరీగా లారిస్ గిలియెన్, ఇమెల్డాగా టెస్సీ టోమాస్, ఇద్దరూ ఫిలిప్పీన్స్ నటీమణులే, చక్కగా చేశారు. తనని చూపించడానికి వీల్లేదని ఎన్రిలే కోర్టుకెక్కితే, ప్రజలందరి ముందూ జరిగిన చరిత్రని చూపించడానికి ఒక మనిషి అడ్డుపడటానికి లేదని ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇంత గొడవ మధ్య షూటింగు కొంత మన పొరుగున శ్రీలంకకి తరలింది. ఇంతా చేసి కథకి నాయకుడు ఎవరయ్యా అంటే గ్యారీ బ్యుసీ వేసిన ఒక కల్పిత అమెరికన్ టీవీ విలేకరి! ఆయన కాపురంలో కలతలు, ఆయన ప్రేమలు, ఆయన ఆవేదన. దేశం మొత్తం రోడ్డు మీదికొచ్చిన కథ ఆయన వేలు పట్టుకుని చూడాలి మనం. పెళ్ళి కూతుర్ని చూడటానికి వెళితే ఫోటోగ్రాఫరు అడ్డంగా నిలబడ్డట్టుంది. విలేకరికి పెద్దవాళ్ళే కనిపిస్తారు. మంత్రులు, సేనానులు, రాయబారులు. కంప్యూటరు దగ్గర కూర్చున్న అమ్మాయి ఇంటికెళ్ళి అమ్మతో ఏం చెప్పిందో ఆయనకెలా తెలుస్తుంది?

రెండోది, 'హియర్ లైస్ లవ్', తమాషా అయినది. డేవిడ్ బర్న్, ఫ్యాట్‌బాయ్ స్లిమ్ అనే సంగీతకారులు కట్టారు. తన సమాధి మీద ఏం రాయాలని ఇమెల్డా కోరుకుందో ఆ మాటలే నాటకానికి పేరు. నాటకం మన ఊళ్ళకి రాలేదు గానీ, పాటలు ఎవరైనా వినొచ్చు. నాటకశాలనే డిస్కో హాలుగా మార్చేశారు. ప్రేక్షకుల్లో చాలామంది నిలబడి, పాత్రలతో పాటు చిందులేస్తూ చూడాలి. అలా మనం ఆడుతూ పాడుతూ ఉండగానే సైనిక శాసనం వచ్చి మీద పడుతుంది. "నేనూ చప్పట్లు కొట్టానే" అని ప్రేక్షకుడు ఉలిక్కిపడాలని వాళ్ళ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. ఇంకో మెచ్చుకోలు కూడా వాళ్ళకి చెల్లించాలి. అందరూ ఎదురుచూసే చెప్పుల్ని వాళ్ళు నాటకంలోకి రానివ్వలేదు. నవ్వించే సులువు దారి ఎదురుగా ఉండగా వదులుకోవడం చిన్న సంగతి కాదు.

కానీ చెప్పులు తీసేసిన చోట ఏం పెట్టారు? ఇమెల్డా మనసు పెట్టారు. పేదపిల్ల, అందాల పోటీలు, భర్త చేసిన మోసం, ఒంటరితనం. పాట ఎవరు పాడితే మన జాలి వాళ్ళ వైపే పోతుంది. అది సంగీతం లక్షణం. చివర్లో జనం తిరుగుబాటుని ఒక్క గిటారుతో, చూసినవాళ్ళ మాటలతో కట్టిన పాట ఉంది. నాటకం మొత్తంలో గుండెకి తగిలే ఘట్టం అదే. అయితే ఆ జనం రోడ్డు మీదికి ఎందుకొచ్చారు? ఓటు ఎత్తుకుపోయారని వచ్చారు. ఆ ఎన్నికకి నాటకంలో పెద్దగా చోటే లేదు. లెక్కల పుస్తకానికి తాళం వేయడం కష్టమే, ఒప్పుకుంటాను. కష్టమైనదే వదిలేస్తే మిగిలేది ఒక ఆడదాని ఆశ, ఇంకో ఆడదాని కన్నీరు.

మూడింటిలోనూ మేలైనది 'ది కింగ్‌మేకర్'. లారెన్ గ్రీన్‌ఫీల్డ్‌కి డబ్బున్నవాళ్ళ వింత బతుకుల్ని చూపించడంలో పేరుంది. ఈ సినిమా కూడా అలాగే మొదలవుతుంది. వయసు మళ్ళిన ఇమెల్డా కారులోంచి పిల్లలకి నోట్లు పంచుతూంటుంది. ప్రపంచ నాయకులతో దిగిన ఫోటోలు చూపిస్తుంది. తన సొంత ముచ్చట్లు తనే చెప్పుకుంటూ పోతుంది. మనకి నవ్వొస్తుంది. సరిగ్గా అక్కడే దర్శకురాలు మన నవ్వు గొంతులో ఆపేస్తుంది.

కలావిట్ అని ఒక దీవి. 1970ల్లో ఆఫ్రికా నుంచి జిరాఫీలూ చారల గుర్రాలూ ఓడలో తెప్పించి అక్కడ వదిలారు. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! ఆ దీవిలో అప్పటికి 254 కుటుంబాలు కాపురాలు చేసుకుంటున్నాయి. జంతువుల కోసం మనుషుల్ని ఖాళీ చేయించారు. జిరాఫీలు ఇప్పటి దృశ్యంలో ఎంత దీనంగా నిలబడి ఉంటాయో, ఇల్లు పోయినవాళ్ళు అంత దీనంగానూ చెబుతారు. తర్వాత జైల్లో చిత్రహింసలు పడ్డవాళ్ళ మాటలు. ఎట్టా రొసాలెస్ అనే ఆవిడ, తర్వాతి రోజుల్లో మానవ హక్కుల కమిషన్‌కి అధ్యక్షురాలయిన పెద్దమనిషి, తనకి జరిగింది గొంతు పెంచకుండా చెబుతుంది. ఆ వెనకే ఒక తరగతి గది. సైనిక శాసనం రోజులు మంచివంటూ పిల్లలు జవాబిస్తారు. ఈ రెండు దృశ్యాలకీ మధ్య వ్యాఖ్యానం ఒక్క ముక్క లేదు. అక్కర్లేదు కూడా.

సినిమాలో నాకు బాగా నచ్చిన చోటు ఇంకొకటుంది. ఇమెల్డా ఫోటోలు చూపించే హడావుడిలో చెయ్యి తగిలి ఫ్రేములు పడిపోతాయి, అద్దం భళ్ళున పగులుతుంది. ఆవిడ మాట ఆపదు. ఒక పనిమనిషి చడీ చప్పుడూ లేకుండా వచ్చి పెంకులు ఎత్తేస్తుంది. ఇంట్లో అద్దం పగిలితే పిల్లల కాళ్ళలో గుచ్చుకుంటుందని గబుక్కున చీపురు పట్టుకునేవాళ్ళం మనం. ఆ చీపురు పట్టిన చెయ్యి మీదే మన దృష్టి పోతుంది.

ఇంత బాగున్న సినిమా మీద కూడా నాకో ఫిర్యాదుంది. పేరు చూడండి, 'కింగ్‌మేకర్'. రాజుని చేసేది ఆవిడేనట! మన పాత సినిమాల్లో సూర్యకాంతం గారి పక్కన ఒక వెన్నెముక లేని మొగుణ్ణి పెట్టేవారు, గుర్తుందా? ఇంట్లో జరిగే అన్యాయాలన్నిటికీ గయ్యాళి అత్తే కారణం. ఆయన పాపం తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడతాడు. ఆస్తి కాగితాల మీద సంతకం ఆయనదే అయినా తిట్లు ఆవిడకే. చెప్పుల జోకు చేసిన పని అచ్చంగా ఇదే. సైనిక శాసనం కాగితం మీద సంతకం ఎవరిది? ఫెర్డినాండ్ మార్కోస్‌ది. 1968లోనే స్విట్జర్లాండ్ బ్యాంకులో విలియం సాండర్స్ అనే దొంగ పేరుతో ఖాతా తెరిచింది ఎవరు? ఆయనే. పక్కనే జేన్ ర్యాన్ పేరుతో ఖాతా ఆవిడది. ఆవిడేమీ అమాయకురాలు కాదు. 2018లో అవినీతి కేసుల్లో కోర్టు శిక్ష కూడా వేసింది. కానీ ఇద్దరూ కలిసి దోచింది 500 కోట్ల నుంచి 1,000 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అంచనా. 1,060 జతల చెప్పులు ఎంత ఖరీదైనవైనా అందులో ఎన్నో వంతు? దేశం దోపిడీని ఒక ఆడదాని షోకుగా మార్చేస్తే, ఇక దాని మీద కోపం రాదు, నవ్వే వస్తుంది. నవ్వు వచ్చాక సగం క్షమించేసినట్టే. 2001లో ఆ చెప్పులతో ఒక మ్యూజియం కూడా వెలిసింది. అది తెరవడానికి ఇమెల్డా గారే వెళ్ళారు!

చెప్పులు చూపించడమే తప్పని అనను. కొత్త ప్రభుత్వం రాజభవనం తలుపులు తీసి, జనం పేదరికంలో ఉండగా వీళ్ళు బతికిన బతుకు ఇదీ అని చూపించడం న్యాయమే. అది సాక్ష్యం. సాక్ష్యాన్ని కోర్టులో పెట్టాలి గానీ సర్కస్‌లో పెడితే కేసు వీగిపోతుంది.

ఒక పక్క గయ్యాళి ఉంటే, ఇంకో పక్క దేవత ఉండాలి గదా మన కథలకి. ఆ పాత్ర కోరీకి ఇచ్చారు. పసుపుపచ్చ గౌను, చేతిలో జపమాల, చనిపోయిన భర్త జ్ఞాపకం. ఆవిడ ధైర్యం గొప్పదే. కానీ దేవతని చేశాక ఆవిడ ప్రభుత్వాన్ని నిలదీయడం ఎవరికీ చేతకాలేదు. 1987 జనవరిలో భూమి కోసం ఊరేగింపుగా వచ్చిన రైతుల మీద భవనం దగ్గరే కాల్పులు జరిగి పదిమందికి పైగా చనిపోయారు. ఆవిడ పుట్టింటివారి వేల ఎకరాల చెరకు తోట రైతులకి దక్కడానికి దశాబ్దాలు పట్టింది. జనానికి మొహం మొత్తడానికి ఇవీ కారణాలే. మూడు రచనల్లో ఏదీ ఈ సంగతుల్ని గట్టిగా పట్టుకోలేదు.

గయ్యాళికీ దేవతకీ మధ్య మామూలు ఆడవాళ్ళు నలిగిపోయారు. పెట్టెల చుట్టూ నిలబడిన సన్యాసినులు, రేడియో దగ్గర కూర్చున్న జూన్ కీత్లీ, బడి వదిలి పోలింగ్ పనికి వచ్చిన పంతులమ్మలు, కంప్యూటరు వదిలి లేచిన ఆ ముప్ఫై అయిదుమంది. మన దగ్గరా ఎన్నికల డ్యూటీ అంటే సగం టీచరమ్మల మీదే పడుతుంది. చంటిపిల్లని అత్తగారికి అప్పజెప్పి, తెలియని ఊళ్ళో బల్ల మీద పడుకుని, తెల్లారి పెట్టెకి లక్క సీలు వేసిన అమ్మలు మనలో ఎందరో ఉన్నారు. ఓటు అనేది నిలబడేది వాళ్ళ చేతి మీద. దాన్ని కథగా ఎవరూ చెప్పరు. చెప్పడానికి నగలూ లేవు, చెప్పులూ లేవు.

దీనివల్ల పోయిందేమిటని అడగొచ్చు మీరు. పోయింది పెద్దదే. మార్కోస్ 1989లో హవాయిలో చనిపోయాడు. 1991లో ఇమెల్డా తిరిగొచ్చింది. 2016లో కొడుకు బాంగ్‌బాంగ్ ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసి, లెనీ రోబ్రెడో అనే ఆవిడ చేతిలో రెండు లక్షల అరవై వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయాడు. లెక్క తప్పని కోర్టుకెళ్ళాడు. విధి వైచిత్రి చూడండి, ఎవరింట్లోవాళ్ళు లెక్కల గురించి మాట్లాడుతున్నారో! మూడు రాష్ట్రాల ఓట్లు మళ్ళీ లెక్కపెడితే ఆవిడ మెజారిటీ ఇంకాస్త పెరిగింది. 2021లో కేసు కొట్టేశారు. అదే 2016 నవంబరులో మార్కోస్ శరీరాన్ని వీరుల శ్మశానంలో పాతిపెట్టారు. 'కింగ్‌మేకర్' ఇక్కడిదాకా చెప్పి, ఈ కుటుంబం మళ్ళీ గద్దెనెక్కబోతోందని హెచ్చరించి ఆగుతుంది. 2022 మే ఎన్నికల్లో అదే అయింది. బాంగ్‌బాంగ్‌కి మూడు కోట్ల పదహారు లక్షల ఓట్లు వచ్చాయి. ఓడిపోయింది రోబ్రెడో, ఆవిడకి వచ్చినవి కోటిన్నర.

ఈసారి పెట్టెలు ఎత్తుకుపోనక్కర్లేకపోయింది. జ్ఞాపకం ఎత్తుకుపోతే సరిపోయింది. ఓటేసినవాళ్ళలో ఎందరో 1986 తర్వాత పుట్టినవాళ్ళు. వాళ్ళకి పెద్దవాళ్ళు అందించినదేమిటి? చెప్పుల జోకు ఒకటి, పసుపు రంగు ఒకటి. జోకు పాతబడింది, రంగు వెలిసిపోయింది. లెక్క దగ్గర ఏం జరిగిందో చెప్పినవాళ్ళు తక్కువ. అప్పటి బాధితుల్లో 11,103 మందిని ఆ దేశపు చట్టమే గుర్తించి పరిహారం ఇచ్చింది. ఆ అంకె ఎంతమంది పిల్లలకి తెలుసు? 1,060 అందరికీ తెలుసు.

ఆ ఫిబ్రవరి 9 రాత్రి మీద ఎవరైనా ఒక సినిమా తీస్తే చూడాలని ఉంది నాకు. పెద్ద ఖర్చు కూడా ఉండదు. ఒక హాలు, వరసగా కంప్యూటర్లు, ఎదురుగా బోర్డు. ఒక అమ్మాయి తన కాగితం చూసుకుంటుంది, బోర్డు చూస్తుంది, మళ్ళీ కాగితం చూస్తుంది. పక్క సీటులో అమ్మాయి వైపు తిరుగుతుంది. ఆవిడా అప్పటికే ఇటు తిరిగి ఉంటుంది. అక్కణ్ణుంచి తలుపు దాకా ఎన్ని అడుగులుంటాయో, ఆ అడుగులు వేసేటప్పుడు కాళ్ళు ఎంత వణికి ఉంటాయో, అది చూపించగలిగితే చాలు. ఆ కాళ్ళకి ఏ చెప్పులున్నాయో ఎవరికీ కావాలి?

అది వచ్చేలోపల 'ది కింగ్‌మేకర్' దొరికితే చూడండి. ఇంట్లో పెద్ద పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మొదటి పావుగంట వాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. చివర వాళ్ళు తప్పకుండా ఒక మాట అడుగుతారు, "అంతమంది రోడ్డెక్కి పంపించేసిన వాళ్ళని మళ్ళీ ఎలా ఎన్నుకున్నారమ్మా?" అని. అప్పుడు ఆ ముప్ఫై అయిదుమంది సంగతి మొదలుపెట్టి చెప్పండి.